బడి పత్రిక తయారీ: డమ్మీ కట్టడం నుంచి పిన్నింగ్ దాకా

ఈ మార్గదర్శి మొత్తం ఒకే కొలత మీద నడుస్తుంది. 6 నుంచి 10వ తరగతి దాకా సుమారు 300 మంది పిల్లలున్న ఉన్నత పాఠశాల, ఏడాదికి ఒక సంచిక, లోపల 48 పేజీలు, పైన 4 పేజీల కవరు, 300 కాపీలు. మీ బడి ఇంతకంటే చిన్నదైనా పెద్దదైనా లెక్క కట్టే పద్ధతి మారదు, అంకెలే మారతాయి.

మొదట ఒక ప్రశ్న తేల్చుకోండి: ఈ పత్రిక ఎవరు చదవాలి? వార్షికోత్సవం నాడు వేదిక మీద కూర్చునే అతిథులా, ఇంటికి తీసుకెళ్లి నానమ్మకు చదివి వినిపించే ఆరో తరగతి పిల్లా? అతిథుల కోసమైతే మొదటి పది పేజీలు సందేశాలతో, పాస్‌పోర్టు సైజు ఫొటోలతో నిండిపోతాయి. పిల్లల రాతలు వెనక్కి జరిగి, చిన్న అక్షరాల్లో ఇరుక్కుంటాయి. సందేశాలన్నీ కలిపి ఒక్క పేజీ దాటకూడదని పని మొదలుపెట్టే ముందే ప్రధానోపాధ్యాయుల చేత నిర్ణయం చేయించండి. పేజీలు సర్దేటప్పుడు ఆ మాట ఎత్తడం కష్టం.

తేదీలు వెనక నుంచి లెక్కపెట్టండి

జనవరి 26న ఆవిష్కరణ అనుకుందాం. మధ్యలో సంక్రాంతి సెలవులు వస్తాయి. ఆ రోజుల్లో ప్రెస్సులో, బైండింగ్ దగ్గర మనుషులుండరు. అందుకే ఫైలు డిసెంబరు 20కల్లా ప్రెస్సుకు చేరాలి. ప్రూఫులకు (తప్పులు దిద్దే నమూనా అచ్చులకు) డిసెంబరు మొదటి పదిహేను రోజులు, లేఅవుట్‌కు నవంబరు, టైపింగ్‌కు దసరా తర్వాత మిగిలిన అక్టోబరు. అంటే రచనలకు ఆఖరు తేదీ దసరా సెలవుల ముందటి చివరి పనిదినం. ప్రకటన జులై ఆఖర్లో చేయాలి. పదో తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతుల ఒత్తిడి ఉంటుంది కాబట్టి సంపాదకవర్గం బరువు 8, 9 తరగతుల మీద పెట్టండి. తరగతికి ఇద్దరు చొప్పున పదిమంది చాలు. వారిలో ఒకరికి పేజీల పట్టిక, ఒకరికి ఫొటోలు, ఇద్దరికి ప్రూఫులు అప్పగించండి.

సైజు, కాగితం

సైజు దగ్గర చాలామంది ఎ4 అంటారు. ప్రెస్సులో కాగితం 23×36 అంగుళాల షీట్లుగా వస్తుంది. దాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కోటి 9×11.5 అంగుళాలు. ఎ4 పొడవు 11.7 అంగుళాలు, అందులో పట్టదు. ఎ4 కావాలంటే వేరే సైజు షీటు తెప్పించాలి, లేదా కాగితం వృథా చేసుకోవాలి. ఈ 9×11.5 సైజునే ప్రెస్సులో డెమీ 1/4 అంటారు. అది చాలు: కటింగ్ అయ్యాక 8.5×11 అంగుళాలు వస్తుంది. చూపుకు ఎ4లాగే ఉంటుంది.

లోపలి పేజీలకు 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు) మ్యాప్‌లిథో, అంటే మెరుపు లేని మామూలు అచ్చు కాగితం చాలు. అంతకంటే పల్చటి కాగితమైతే వెనక పేజీ అక్షరాలు ఇటువైపు నీడలా కనపడతాయి, చిన్న పిల్లలకు చదవడం ఇబ్బంది. కవరుకు 250 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు (నున్నటి పూత ఉన్న మందపాటి కాగితం).

కాగితం ఎంత పడుతుందో ఇలా చూడండి. ఒక 23×36 షీటులో ముందూ వెనకా కలిపి 16 పేజీలు వస్తాయి. 48 పేజీల్లో 4 పేజీలు రంగుల్లో, వేరే కాగితం మీద వేస్తాం. మిగిలిన 44 పేజీలు ఒక కాపీకి 2.75 షీట్లు, 300 కాపీలకు 825 షీట్లు. చిన్న ఆఫ్‌సెట్ మిషన్లు అర షీటు మీద, 8 పేజీల ఫారాలుగా (ఒకే కాగితం మీద కలిసి అచ్చయ్యే పేజీలుగా) వేస్తాయి. 44 పేజీలకు ఆరు ఫారాలు, ఫారానికి 50 అర షీట్లు వేస్టేజీ (పాడయ్యే కాగితం) కలిపితే మొత్తం 975 షీట్ల దాకా వస్తుంది. రీముకు 500 షీట్లు కాబట్టి రెండు రీములు. 70 జీఎస్‌ఎంలో ఒక్కో రీము 18.7 కిలోలు తూగుతుంది. కాగితం మీరే కొని ఇస్తుంటే బిల్లు మీద ఈ బరువు సరిచూసుకోండి. తక్కువ తూగితే తక్కువ జీఎస్‌ఎం వచ్చినట్టే.

ఖర్చులో కాపీల సంఖ్యతో సంబంధం లేనిది ప్లేట్ల (పేజీలను అచ్చొత్తే లోహపు రేకుల) ఖర్చు. ఒక రంగు ఫారానికి ముందు, వెనక కలిపి రెండు ప్లేట్లు. అదే ఫారం నాలుగు రంగుల్లో వేస్తే ఎనిమిది. అందుకే లోపల ఒకే రంగు, కవరూ నడిమి షీటూ మాత్రం నాలుగు రంగులు అన్న ఏర్పాటు బడి బడ్జెట్‌కు సరిపోతుంది. కాపీలు 150కి లోపైతే డిజిటల్ ప్రింటింగ్ ధర కూడా అడగండి, అక్కడ ప్లేట్లే ఉండవు.

డమ్మీ

12 ఎ4 కాగితాలు తీసుకుని ఒకదానిలో ఒకటి పెట్టి సగానికి మడవండి. నడుమ పిన్ను కొట్టండి. 48 పేజీల చిన్న పుస్తకం వస్తుంది. ప్రతి పేజీకీ అంకె వేయండి. ఇదే డమ్మీ. ఇకమీదట ప్రతి నిర్ణయం దీని మీదే పెన్సిలుతో రాయాలి. కంప్యూటర్ తెర మీద ఒక్కో పేజీ విడిగా కనిపిస్తుంది, ఎదురెదురు పేజీలు ఎలా పడుతున్నాయో చేతిలో డమ్మీ ఉంటేనే పిల్లలకు అర్థమవుతుంది.

నడుమ పిన్నింగ్ చేసే పుస్తకంలో పేజీలు ఎప్పుడూ నాలుగు గుణిజాల్లోనే ఉండాలి. 46 అయితే రెండు తెల్ల పేజీలు మిగులుతాయి, 50 అయితే 52 చేయాలి. పేజీలు మరీ ఎక్కువైతే పిన్నింగ్ పుస్తకం సరిగ్గా మూతపడదు, అట్ట లేచి నిలబడుతుంది. అప్పుడు గమ్ బైండింగ్‌కు (వెన్ను జిగురుతో అంటించే పద్ధతికి) వెళ్లాలి, లోపలివైపు మార్జిన్ 20 మిల్లీమీటర్లకు పెంచాలి.

డమ్మీలో సరిగ్గా నడిమి కాగితం తీసి చూడండి. దాని మీద 23, 24, 25, 26 పేజీలు ఉంటాయి. పిల్లల రంగు బొమ్మలు ఇక్కడ పెట్టి, ఈ ఒక్క షీటూ 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్ మీద వేయించండి. 24, 25 పేజీలు ఎదురెదురుగా ఒకే కాగితం మీద ఉంటాయి కాబట్టి అక్కడ ఒక పెద్ద బొమ్మ రెండు పేజీలూ పరుచుకునేలా వేయవచ్చు. ఇంకెక్కడ ప్రయత్నించినా ఆ రెండు సగాలూ వేర్వేరు కాగితాల మీద పడి, నడుమ గీత దగ్గర బొమ్మ కలవదు.

48 పేజీలకు ఒక పంపకం: విషయసూచిక, సందేశాలు, పిల్లల సంపాదకీయం కలిపి 3. తరగతి పేజీలు 5. కథలు 10, కవితలు 4. ఊరి విషయాలు, ఇంటర్వ్యూలు 8. సైన్సు, లెక్కలు 5. ఇంగ్లిషు 4, హిందీ 3. రంగుల బొమ్మలు 4. బడి ఏడాది విశేషాలు 2. ఉర్దూ మాధ్యమం కూడా ఉన్న బడిలో ఉర్దూ పేజీలను చివరి నుంచి మొదలుపెట్టండి. ఆ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి పుస్తకాన్ని వెనక నుంచి తెరిచిన పిల్లలకు అది మొదటి పేజీ అవుతుంది.

పై పట్టికలో తరగతి పేజీల గురించి కొంచెం ఆగి చెప్పాలి. 300 మందిలో 60, 70 మంది రచనలే పత్రికలో పడతాయి. మిగిలిన పిల్లలు పుస్తకం చేతికి రాగానే తమ పేరు కోసం వెతుకుతారు. దొరక్కపోతే మూసేస్తారు. అందుకే ప్రతి తరగతికీ ఒక పేజీ కేటాయించి, ఒకే ప్రశ్నకు తరగతిలో అందరి చేతా ఒక్క వాక్యం రాయించండి. ‘మా ఊళ్లో నాకు బాగా ఇష్టమైన చోటు’ లాంటి ప్రశ్న. 60 మంది, తలా ఐదు మాటలు అనుకుంటే 300 పదాలు, పేర్లతో కలిపి ఒక పేజీ నిండుతుంది. రాయడం కష్టమైన పిల్లలు కూడా ఐదు మాటలు రాయగలరు. ఈ పేజీలను దయచేసి వదలొద్దు.

రచనలు రాబట్టడం

‘కథలు, కవితలు ఇవ్వండి’ అని నోటీసు పెడితే పాత నీతికథలు, ఎక్కడో దొరికిన జోకులు, సూక్తులు ‘సేకరణ’ అన్న పేరుతో వస్తాయి. తప్పు పిల్లలది కాదు, అడిగిన తీరుది. చిన్నగా, కచ్చితంగా అడగండి: సంతలో ఒక గంట గడిపి ఏ కూరగాయ ఎంతకు అమ్ముతున్నారో, బేరం ఎలా సాగిందో రాయండి. మీ వీధిలో కుట్టుమిషన్ నడిపే అక్కను ఐదు ప్రశ్నలు అడగండి. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర మూడు పొడుపుకథలు అడిగి, ఎవరు చెప్పారో కూడా రాసి తెండి. చివరిది కూడా సేకరణే, కానీ అది ఆ ఇంటి నుంచి వచ్చింది, ఇంకెక్కడా అచ్చయి ఉండకపోవచ్చు.

ప్రతి రచన పైన నాలుగు గళ్లు గీయించండి: పేరు, తరగతి-సెక్షను, శీర్షిక, ‘సొంతం / విన్నది / చదివింది’. పేరు పిల్లలే తమ చేత్తో తెలుగులో రాయాలి. హాజరుపట్టీలోని ఇంగ్లిషు పేరు చూసి తెలుగులో టైపు చేస్తే దీర్ఘాలు పోతాయి, లావణ్య కాస్తా లవణ్య అవుతుంది.

దిద్దుబాటు గురించి ఒక గీత గీసుకోండి. అక్షరదోషాలు దిద్దాలి, యాస దిద్దకూడదు. ‘నేను మా అమ్మమ్మోళ్ల ఊరికి పోయిన’ అని రాస్తే దాన్ని ‘నేను మా అమ్మమ్మ గారి ఊరికి వెళ్లితిని’ అని మార్చకండి. ఆ వాక్యం బతికి ఉన్నదే ‘పోయిన’ అన్న మాటలో. కానీ ‘అర్ధం కాలేదు’ అని రాస్తే దిద్దాలి: అర్ధం అంటే సగం, అర్థం అంటే భావం. కధ కాదు కథ, విద్యార్ధి కాదు విద్యార్థి. ఈ థ, ధ జంటే బడి పత్రికల్లో అన్నిటికంటే ఎక్కువ తప్పులు తెస్తుంది. వెళ్లాను, వెళ్ళాను రెండూ చెల్లుతాయి గాని సంచిక మొత్తానికి ఒకటే ఎంచుకోండి.

పేజీకి ఎంత పడుతుందో ముందే తెలియాలి. డెమీ 1/4లో రెండు కాలమ్‌లు, 12 పాయింట్ల అక్షరం, హెడ్డింగూ చిన్న బొమ్మా పోగా సుమారు 300 నుంచి 350 పదాలు. 700 పదాల కథ వస్తే రెండు పేజీలు. ఒకటిన్నర పేజీ అయ్యేవి ఇబ్బంది పెడతాయి. మిగిలిన అర పేజీకి సరిపడే కవితలు, పొడుపుకథలు అదనంగా పది సిద్ధంగా పెట్టుకోండి.

టైపింగ్: యూనికోడ్‌లోనే

చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజీలు సర్దే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరు, అను అనే తెలుగు ఫాంట్లు వాడతారు. వేగంగా పని జరుగుతుంది, అక్షరాలూ అందంగానే ఉంటాయి. చిక్కు ఏమిటంటే అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ నిజానికి తెలుగు అక్షరాలుగా దాచి ఉండదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల కుప్ప కనిపిస్తుంది. బడి వెబ్‌సైట్లో పెట్టడానికి, వచ్చే ఏడు వెతుక్కోవడానికి పనికిరాదు. యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు అక్షరాలుగానే నిలిచే పద్ధతిలోకి) మార్చే సాధనాలున్నాయి గాని మార్చాక వత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు మళ్లీ మొదటి నుంచి చూడాలి. పిల్లలు ఫోన్లో, కంప్యూటర్లో యూనికోడ్‌లో కొట్టడం తేలిక కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగును చూపలేదు. ఇన్‌డిజైన్ గాని, ఉచితంగా దొరికే స్క్రైబస్ 1.5.3 లేదా ఆపై వెర్షను గాని కావాలి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో ‘వరల్డ్-రెడీ కంపోజర్’ ఎంచుకోవాలి. అది మరిచిపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి.

పేర్ల దగ్గర ఒక ప్రమాదం ఉంది. యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే అది వత్తుగా కిందికి దిగిపోతుంది. రాజ్‌కుమార్ అన్న పేరు రాజ్కుమార్ అవుతుంది. సాఫ్ట్‌వేర్ సాఫ్ట్వేర్ అవుతుంది. రెండు అక్షరాల మధ్య ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’ అనే కనిపించని గుర్తు పెడితే పొల్లు పొల్లుగానే నిలుస్తుంది. దాన్ని ఒకచోట నుంచి కాపీ చేసి దగ్గర పెట్టుకుని, టైపింగ్ అయ్యాక పేర్ల జాబితా అంతా చూసి అవసరమైన చోట అతికించండి. తన పేరు చదవలేని విధంగా అచ్చయితే ఆ పిల్లవాడికి మిగతా 47 పేజీలు ఎంత బాగున్నా ఒకటే.

లేఅవుట్

అక్షరం 12 పాయింట్లు, 6వ తరగతి పిల్లల పేజీల్లో 13. వరుసల ఎడం 12కి కనీసం 17. ఇంగ్లిషుకు అలవాటైన 14.4 ఎడం తెలుగుకు చాలదు. పైన గుడి, కింద వత్తు ఉన్న అక్షరాలు పై వరుసా కింది వరుసా ఒకదాన్నొకటి తగులుతాయి. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ అని ఒక వరుసలో రాసి, కింది వరుసలో ‘కీర్తి’ పెట్టి అచ్చు తీసి చూడండి. అవి ముట్టుకోకుండా ఉంటే ఎడం సరిపోయినట్టు.

రెండు కాలమ్‌లు మించొద్దు. తెలుగు మాటలు పొడుగు. ‘మాట్లాడుకుంటున్నప్పుడు’ లాంటి మాట సన్నటి కాలమ్‌లో ఒక వరుస సగం తినేస్తుంది. దానికి తోడు రెండువైపులా సమంగా సర్దితే మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి. ఎడమవైపు మాత్రమే సమంగా ఉంచి, కుడివైపు హెచ్చుతగ్గులుగా వదిలేయండి. అక్షరాల మధ్య ఎడాన్ని పెంచడం, తగ్గించడం తెలుగులో చేయకండి.

ఫాంట్లు రెండే. మ్యాటర్‌కు మండలి లేదా నోటో సెరిఫ్ తెలుగు, హెడ్డింగులకు రామభద్ర. మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. మండలి ఒకే మందంలో వస్తుంది. దానికి ‘బి’ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని కృత్రిమంగా లావు చేస్తుంది, ‘ఠ’, ‘ధ’ లోపలి చుక్కలు, పొట్టలు పూడిపోతాయి. లావు కావాలంటే నిజమైన బోల్డ్ ఉన్న నోటో వాడండి. వాలు అక్షరాలు తెలుగుకు సహజం కాదు. నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలు 14 పాయింట్లకు తగ్గితే సిరా నిండి కనపడకుండా పోతాయి.

మార్జిన్లు: లోపలివైపు 15, బయట 13, పైన 15, కింద 18 మిల్లీమీటర్లు. బయటి మార్జిన్ తగ్గించకండి. 12 కాగితాలు ఒకదానిలో ఒకటి మడిచినప్పుడు నడిమివి సుమారు ఒక మిల్లీమీటరు ముందుకు వస్తాయి, కటింగ్‌లో అంత మేర పోతుంది. అంచు దాకా రంగుండే కవరుకు నాలుగువైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కటింగ్‌లో పోయే అదనపు రంగు) వదలాలి.

అలంకారాల గురించి: పేజీకి ఒక బోర్డరు, మూలకో పువ్వు పెట్టే అలవాటు మానేయండి. పిల్లలే పేజీల కోసం చిన్న బొమ్మలు గీస్తారు. కథ ఇచ్చిన పిల్ల వేరే, బొమ్మ వేసిన పిల్లవాడు వేరే అయితే ఇద్దరి పేర్లూ పడతాయి.

బొమ్మలు, ఫొటోలు

పెన్సిలు బొమ్మలు అచ్చులో వెలిసిపోతాయి. నల్ల జెల్ పెన్నుతో పైన గీయించి, రబ్బరుతో పెన్సిలు గీతలు తుడిపించండి. గీతల బొమ్మలు 600, రంగు బొమ్మలు 300 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలు) స్కాన్ చేయాలి. ఫోనుతో ఫొటో తీస్తే ఒక మూల నీడ పడుతుంది, తెల్లకాగితం బూడిదరంగులో అచ్చవుతుంది.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుంచించుకుపోయి వస్తుంది. 1600 పిక్సెళ్ల వెడల్పుంటే 300 డీపీఐలో అయిదు అంగుళాల చిల్లర మాత్రమే బాగా వస్తుంది, పూర్తి పేజీకి పనికిరాదు. ‘డాక్యుమెంట్’గా పంపమనండి. నలుపు తెలుపులోకి మార్చాక ముఖాలు నల్లబడతాయి, కొంచెం వెలుతురు పెంచి ఒక పేజీ నమూనా తీసి చూడండి.

పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. పేరు, తరగతి చాలు. ఇంటి చిరునామా, ఫోను నంబరు, పుట్టినతేదీ వేయొద్దు. ఇంట్లో కష్టాల గురించి రాసిన పిల్లల రచన ఎంత బాగున్నా, అచ్చయ్యే ముందు ఆ పిల్లతో, ఇంటివాళ్లతో మాట్లాడి, పేరు లేకుండా వేయాలా, అసలు వేయాలా అన్నది వాళ్లనే చెప్పనివ్వండి.

ప్రూఫులు

మూడు సార్లు, మూడూ కాగితం మీదే. మొదటిసారి ఒకరు అసలు రాతప్రతి గట్టిగా చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూడాలి. ఒక్కరే చూస్తే ఎగిరిపోయిన వాక్యం దొరకదు. రెండోసారి రచయితలకే వారి పేజీ ఇవ్వండి, చూసి సంతకం పెట్టాలి. మూడోసారి మ్యాటర్ చదవకండి: పేర్లు, తరగతులు, హెడ్డింగులు, ఫొటో కింది వాక్యాలు, పేజీ అంకెలు, విషయసూచికలోని అంకెలు మాత్రమే. పెద్ద అక్షరాల్లో ఉన్న తప్పే ఎవరికీ కనపడదు.

ప్రెస్సుకు వెళ్లే రోజు

పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో (ఫైల్లోనే కలిసి ఉన్నాయో) లేదో చూడండి. అక్షరాల నలుపు ఒక్క నలుపు సిరాతోనే ఉండాలి. వర్డ్‌లో చేసిన పేజీల్లో నలుపు నాలుగు రంగుల మిశ్రమంగా మారే అవకాశం ఉంది. కవరు మీద అలా జరిగితే సన్న అక్షరాల అంచుల్లో ఎరుపు, నీలం తొంగిచూస్తాయి. పేజీలు 1, 2, 3 వరుసలోనే ఇవ్వండి, ఫారం అమరిక ప్రెస్సువాళ్ల పని.

ప్లేట్లు చేసే ముందు మడిచిన నమూనా ఒకటి అడగండి. దాన్ని మీ డమ్మీ పక్కన పెట్టి పేజీ పేజీ తిప్పండి. ఒక ఫారం తలకిందులైతే ఇక్కడే దొరుకుతుంది, 300 కాపీలు పిన్నింగ్ అయ్యాక దొరికినా చేసేదేం ఉండదు. కాపీలు వచ్చిన రోజు కట్టకు రెండు చొప్పున తీసి నడిమి షీటు ఉందో లేదో చూడండి. విడిగా అచ్చయిన కాగితం కాబట్టి కొన్నిటిలో అదే జారిపోతుంది.

పీడీఎఫ్, లేఅవుట్ ఫైలు, ఫాంట్లు, స్కాన్ చేసిన బొమ్మలు అన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి, బడి కంప్యూటర్లో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి దాచండి. అయిదు కాపీలు గ్రంథాలయ రిజిస్టరులో ఎక్కించండి. రంగు బొమ్మల అసలు కాగితాలు గీసిన పిల్లలకు తిరిగి ఇచ్చేయండి.